బావ నెత్తిమీది గంగ

ఇది రాయకుండానే ఊరుకుందామనుకున్నాను. బద్ధకం ఒక కారణం. ఇంకో కారణం ఏమిటంటే, పోయినవాళ్ల గురించి రాసేవాళ్లు చాలామంది ఆ మనిషిని దేవుణ్ని చేసి పీట మీద కూర్చోబెడతారు. మా బావను అట్లా కూర్చోబెడితే పీట గట్టిదేనా అని ముందు కర్రతో తట్టి చూస్తాడు, ఆ తర్వాత లేచి టీ తాగడానికి పోతాడు. అందుకని కాగితాలు బల్ల మీద పెట్టి, వాటి చుట్టూ రెండు రోజులు తిరిగాను. మూడోనాడు పంపు అన్న వచ్చాడు. గనిలో పంపు నడిపినవాడు కాబట్టి ఆయనకు ఆ పేరు. అసలు పేరు ఆయన భార్యకైనా గుర్తుందో లేదో.

"ఏం రాసినవ్ తమ్మీ?"

"ఏం రాయలేదన్నా."

"మంచి పని చేసినవ్. రాస్తే రామగిరి ముచ్చట రాయాలె. అది రాస్తే నన్ను గూడ రాయాలె. నన్ను రాస్తే నిజం రాయాలె. నీకెందుకా కష్టం?"

ఆ మాట అన్నాక రాయకపోతే నేను మనిషినే కాదు.

తెలంగాణ రాష్ట్రం వచ్చిన వారం అది. గోదావరిఖనిలో చౌరస్తా చౌరస్తాకూ పటాకులు పేలుతున్నాయి, పొద్దెక్కకముందే గులాల్ చల్లుకుంటున్నారు. అక్క ఫోన్ చేసింది. "తమ్మీ, మీ బావ లేస్తలేడు." బయట చప్పుడులో సరిగ్గా వినబడక "లేపక్కా!" అన్నాను. "లేపిన," అన్నది. నేను చెప్పులు వేసుకున్నది కూడా నాకు గుర్తులేదు. దారంతా నెత్తిమీద గులాల్ పడింది. అక్క గుమ్మంలో నన్ను చూసి, "గీ రంగేందిరా," అని కొంగుతో తుడిచింది. అట్లా వెళ్లాను మా బావను ఆఖరిసారి చూడటానికి, సగం గులాబీ మొహంతో. చూస్తే ఆయన నవ్వేవాడు.

బావ గనిలో సర్దారు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, సర్దారు అంటే తలపాగా పెట్టుకున్న దొర కాదు. మనుషులు బొగ్గు దగ్గరికి పోయేముందు తానొక్కడే ముందు పోయి, కర్రతో పైకప్పును తట్టి, ఆ చప్పుడు విని, "పోవచ్చు" అనో "పోవద్దు" అనో చెప్పేవాడు. కప్పు గట్టిగా ఉంటే ఖంగుమంటుంది, బోలుగా ఉంటే దబ్బుమంటుంది. ఆ ఉద్యోగమంతా ఆ రెండు మాటల మీదే నడుస్తుంది. ఉన్న ప్రమాదం లేదనకూడదు, లేని ప్రమాదం ఉందనకూడదు. "కప్పు చెప్తది. ఇనేటోడు ఉండాలె," అనేవాడు.

ఆ కర్ర అలవాటు గని బయటికి కూడా వచ్చింది. పెళ్లి భోజనానికి పోతే ఆకు ముందు కూర్చునేలోపు పందిరి గుంజను తట్టేవాడు. బస్టాండు రేకుల కింద నిలబడేముందు రేకును తట్టేవాడు. నేను ఇల్లు కట్టుకున్నప్పుడు గృహప్రవేశానికి వచ్చి, సత్యనారాయణ వ్రతం మధ్యలో లేచి వంటింటి స్లాబును తట్టి, "గీడ బోలున్నది" అన్నాడు. మేస్త్రీ మొహం మాడిపోయింది. అయ్యగారు మంత్రం మరిచిపోయాడు. ఆ స్లాబు ఇప్పటిదాకా ఒక్క పెచ్చు కూడా రాల్చలేదు. మా బావ చెప్పినవన్నీ నిజం కావని ఇక్కడే చెప్పి ఉంచడం మంచిది, ఎందుకంటే ముందున్న కథంతా దాని మీదే.

నా సంగతి కూడా ఒక ముక్క. నేను ల్యాంపు రూములో పనిచేశాను. గనిలోకి పోయేవాళ్లకు నెత్తికి పెట్టుకునే లైటు ఇవ్వడం, వచ్చాక తీసుకుని చార్జింగుకు పెట్టడం. నాకు బడి చదువు లేదు. అక్షరాలు నేర్చుకున్నది గని గోడల మీద రాసిన హెచ్చరికలు చదివి. "జాగ్రత్త" అనేది నేను మొట్టమొదట కూడబలుక్కుని చదివిన మాట. అందుకే నేను ప్రేమలేఖ రాసినా సేఫ్టీ బోర్డులా ఉంటుందని మా ఆవిడ అంటుంది. సరే, దారి తప్పాను. బావ దగ్గరికి వద్దాం.

మా వైపు గోదావరిని గంగ అనే అంటాం. మా గనిలో ఒక వైపు పైకప్పు ఏడాది పొడుగునా చుక్కలు చుక్కలుగా కారేది, నడి ఎండాకాలంలో కూడా. బావ కొత్తగా సర్దారైన రోజుల్లో అక్కడ తలెత్తి, ఒక చుక్కను నాలుక మీద పట్టి, "గంగ! అచ్చంగ గంగ! మనం గంగ కింద ఉన్నం!" అన్నాడట. చీకట్లో దిక్కు తెలియదు, దూరం తెలియదు. తల మీద పడే చుక్క ఒక్కటే తెలుస్తుంది. ఆ చుక్కను పట్టుకుని బావ ఒక నదిని తన నెత్తిమీదికి తెచ్చుకున్నాడు. ఆ రోజు నుంచి గేటు ముందు టీ హోటల్లో ఆయనకు ఇంకో హోదా వచ్చింది. "మేం గంగ కింద పనిచేసెటోళ్లం," అని మీసం మీద చెయ్యి వేసేవాడు.

ఒప్పుకోనివాడు పంపు అన్న ఒక్కడే. ఆ నీళ్లు తోడిపోసేది ఆయనే మరి.

"సర్దార్, గది గంగయితే నా పంపు నీ పెండ్లినాడే కాలిపోవు. గది గుట్టల ఇంకిన వాననీళ్లు."

"పంపోనికి ఏం తెల్సు రుచి? నాలికె మీద వేసుకున్నవా ఎన్నడన్న?"

"నువ్వు వేసుకున్నవ్ గద, గందుకే గిట్లైనవ్."

ఏళ్ల తరబడి ఇదే గొడవ. హోటల్ వాళ్లు మారారు, గ్లాసులు పోయి ప్లాస్టిక్ కప్పులు వచ్చాయి, గొడవ మాత్రం మారలేదు. నేను ఎవరి పక్షమూ కాదు. ఇద్దరికీ లైట్లిచ్చి లోపలికి పంపేవాణ్ని, అంతే.

నవ్వులాటే అనుకునేవాళ్లం. కాని దాన్ని నిజమని నమ్మిన మనిషి ఒకతె ఉంది. మా అక్క.

అక్క ఆ మాట కాపురానికి వచ్చిన కొత్తలోనే విన్నది. మంచిర్యాల పోయే బస్సు గంగ మీది వంతెన ఎక్కితే చాలు, కిటికీలోంచి చిటికెడు పసుపు వదిలి, "తల్లీ, కిందున్నడు, మెల్లగ పో," అనేది. వానాకాలంలో పని మానుకుని ఒడ్డుదాకా పోయి నీళ్లు ఎంతదాకా వచ్చాయో చూసి వచ్చేది. వరద పెరిగితే, "ఇయ్యాల నాగా పెట్టరాదయ్యా," అని డ్యూటీకి పోయేవాణ్ని పట్టుకుని బతిమాలేది. బావ చేతిలో టిఫిన్ డబ్బా ఊపుకుంటూ పోయేవాడు. ఆమె భయం ఆయనకు మెడలో వేసిన పతకంలా ఉండేది. మగవాళ్లం, మాకు అట్లాంటివి బరువనిపించవు.

ఒక ఏడాది వానలు గట్టిగా పడ్డాయి. అప్పటికి రాష్ట్రం ఇంకా రాలేదు. ఊరంతా సభలు, ర్యాలీలు. బావ రిటైరుమెంటుకు ఇంకా మూడేళ్లుంది. ఒక సాయంత్రం అక్క నన్నూ పంపు అన్ననూ ఇంటికి పిలిచి, మా ముందే బావతో తేల్చి చెప్పింది.

"చాలు. నౌకరి ఇడిసిపెట్టు. ఇడువకుంటె నేను మా అమ్మగారింటికి పోత. గంగ కింద మొగణ్ని పెట్టుకుని నేను బుక్క మింగలేను."

బావ మీసం మీది చెయ్యి దించాడు. నౌకరి అంటే ఆయనకు ప్రాణం. "ఏం గాదే, గంగ నన్నేం జేస్తది?" అన్నాడు. అక్క కళ్లు తుడుచుకుంది.

పంపు అన్న ఇక ఆగలేకపోయాడు. "వదినే, గాయన నెత్తిమీద గంగ లేదు, గింగ లేదు."

"నువ్వూకో అన్నా! నీకు నీ పంపు తప్ప ఏం తెల్వది. సర్దారు చెప్తడా అబద్ధం?"

పంపు అన్న తొడ మీద చరిచి, "రామగిరి ఖిల్లా ఎక్కుదాం," అన్నాడు. "గా మీదికెల్లి మన గనీ కనవడతది, గంగా కనవడతది. వదినె కండ్లతోని వదినెనే చూసుకుంటది. ఏమంటవ్ సర్దార్, పందెమా?"

ఆలోచించండి. గంగ గని మీద ఉంటే బావ నౌకరి పోతుంది. లేకపోతే అన్నేళ్ల మాట పోతుంది. ఎటు చూసినా నష్టం ఆయనదే. అయినా, "పోదాం! గీ ఆదివారమే పోదాం!" అని లేచి నిలబడ్డవాడు బావే.

శ్రావణమాసం ఆదివారం పొద్దున నలుగురం ఆటోలో బయల్దేరాం. అంత సంబరంగా నేను నా పెళ్లికి కూడా పోలేదు. వానలు వెలిసి ఆకాశం కడిగిన పలకలా ఉంది. బావ ఆటోలో కూర్చునేముందు దాని పైకప్పును తట్టాడు. డ్రైవరు, "ఏం పెద్దాయనా, బేరమా?" అన్నాడు. పంపు అన్న నవ్వి నవ్వి దగ్గాడు. దారిలో ఓపెన్‌కాస్టు గనుల్లో పైనుంచి తవ్వి తీసిన మట్టి పోసి పెంచిన గుట్టలు కనబడ్డాయి. మా దగ్గర గుట్టలు రెండు రకాలు, దేవుడు పెట్టినవి, డంపర్లు పెట్టినవి. మా గని పక్కనే ఉన్నది రెండో రకం, పైన చదునుగా, బోర్లించిన గంపలా ఉంటుంది. గనిలో పనిచేసిన మేం ముగ్గురం దాన్ని ఎంత దూరం నుంచైనా గుర్తుపట్టగలం. మా పందేనికి అదే గుర్తు.

రామగిరి ఖిల్లాను ఏ రాజు కట్టాడని నన్ను అడగకండి. రెండు పుస్తకాలు చదివాను, ఇద్దరు రాజులున్నారు. రాముడు వచ్చాడని ఊళ్లోవాళ్లు చెబుతారు. పసర్లు, మూలికలు దొరుకుతాయని ఎక్కడెక్కడివాళ్లో సంచులు పట్టుకుని వస్తారు. మాకు వాటితో పని లేదు. గుట్ట మొదట్లో బావ మమ్మల్ని వరసలో నిలబెట్టి షిఫ్టు పంచినట్టు పని పంచాడు. సద్ది మూట నాకు, గొడుగు పంపు అన్నకు. నీళ్ల సీసాలన్నీ తన సంచిలో వేసుకున్నాడు.

"నీళ్లు ఎవ్వలూ ముట్టద్దు. నీళ్లు ఆఖర్న. నా మాట ఇనుండ్రి."

సర్దారు మాట. విన్నాం. రాతి మెట్లు, చెట్ల వేళ్లు, నాచు. మొదటి దర్వాజా వచ్చింది. పెద్ద పెద్ద రాళ్ల కమాను. బావ మమ్మల్ని ఆపి, తానొక్కడే దాని కిందికి పోయి, కర్రతో అటూ ఇటూ తట్టి, చెవి పెట్టి విని, "పోవచ్చు!" అన్నాడు. ఎన్ని వందల ఏళ్ల నుంచి నిలబడి ఉన్న కమానుకు ఆ పొద్దున మా బావ సర్టిఫికెట్ దొరికింది. దిగి వస్తున్న మూలికల ముసలాయన ఒకడు ఆగి, "దీన్ని గిప్పుడే కట్టిండ్రా?" అని అడిగాడు.

రెండో దర్వాజా దాటేసరికి నాలుక పిడచ కట్టింది. ఎండ, ఉక్క, ఏటవాలు. అడిగితే, "ఆఖర్న" అంటాడు. పంపు అన్న జీవితమంతా నీళ్లతో బతికినవాడు, ఇప్పుడు చుక్క లేక చెట్టుకు ఆనుకున్నాడు. బావ మొహం ఎర్రబడి, ఊపిరి ఈలలా వస్తోంది. తాను కూడా తాగడు. ఒక బండ మీద కూలబడి, "మీరు పోండ్రి, నేను గీడ్నే ఉంట," అన్నాడు. గంగను చూడకుండానే మా యాత్ర అక్కడ ముగిసేట్టు ఉంది.

అక్క ఆయన ఎదురుగా నిలబడి, నడుము మీద చెయ్యి పెట్టుకుంది.

"నీళ్లు ఆఖర్న అని ఎవ్వడు చెప్పిండు నీకు?"

"గనిల గంతే. పోయేటప్పుడు దిగుడు. ఆఖర్న ఎక్కుడు. పానం పోయేది ఎక్కేకాడ. గందుకే నీళ్లు దాచుకోవాలె."

"గది గని! గిది గుట్ట! గిక్కడ ఎక్కుడు మొదలు, దిగుడు ఆఖరు! నీళ్లు దాచుకుని ఏం జేస్తవ్, కింద మొక్కలకు పోస్తవా?"

బావ నోరు తెరిచి గుట్ట పైకి చూశాడు, కిందికి చూశాడు. మేం ముగ్గురం గనివాళ్లమే, ముగ్గురిలో ఒక్కడికీ తట్టలేదు. పంపు అన్న ముందు పగలబడి నవ్వాడు, ఆ తర్వాత నేను, ఆ తర్వాత బండ మీద కూర్చున్న సర్దారు. నవ్వుతూనే సంచి విప్పాడు. నీళ్లు అంత తియ్యగా ఉంటాయని నాకు అప్పటిదాకా తెలియదు. బావ నాలుగు గుక్కలు తాగి, కర్ర ఎత్తి, "ఆర్డర్ మారింది! ఇప్పుడే తాగుండ్రి, జల్ది ఎక్కుండ్రి!" అని అరిచాడు.

పైకి ముందు చేరింది ఆయనే. కూలిన బురుజు మీద నిలబడి, రెండు చేతులూ చాచి, గొంతు చించుకున్నాడు.

"గంగ! అగో గంగ! బామ్మర్ది, ఉరికిరా! గంగ!"

ఉరికాను. ఈ వయసులో కూడా తలుచుకుంటే నా కాళ్లు కదులుతాయి. దూరంగా, పచ్చటి పొలాలకు అవతల, ఇటు నుంచి అటుదాకా ఎర్రటి నీళ్లు, ఎండకు మెరుస్తూ. ఒడ్డున నిలబడితే ముక్క కనబడుతుంది, బస్సులోంచి చూస్తే క్షణం కనబడుతుంది. ఇదిగో, ఇది మొత్తం. వంపు తిరిగి, లంకలను చుట్టుకుని పోతోంది. కరెంటు ప్లాంటు చిమ్నీలు అగ్గిపుల్లల్లా ఉన్నాయి. మా ఊరు అరచేతిలో పట్టేటంత ఉంది. "ఎంత పెద్దగున్నదిరో! మనమెన్నడు గిట్ల చూడకపోతిమి!" అని బావ ఎగిరినంత పని చేశాడు. పందెం సంగతి ఆయనకు గుర్తే లేదు. పంపు అన్న కూడా టవల్ తీసి గాలిలో ఊపుతున్నాడు, ఎవరికి ఊపుతున్నాడో.

గుర్తున్నది అక్కకు.

"మన గని ఏది?" అన్నది.

అందరం ఆగిపోయాం. పైనుంచి చూస్తే మట్టిగుట్టలు నాలుగైదు ఉన్నాయి. వాటిలో ఒకటి గంగను ఆనుకుని ఉన్నట్టే కనబడుతుంది. ఆ గుట్టను చూపించి "గదే" అంటే చాలు, అక్కకు తేడా తెలియదు. బావ మాట నిలుస్తుంది. చదునుగా ఉన్న మా గుట్ట ఎక్కడుందో నేను అప్పటికే చూశాను. పంపు అన్న కూడా చూశాడు. ఆయన గెలిచాడు. ఏళ్ల తరబడి దేనికోసం గొంతు చించుకున్నాడో అది ఎదురుగా ఉంది. అయినా టవల్ మడిచి భుజం మీద వేసుకుని ఇంకో దిక్కు చూశాడు.

బావ నది వైపు చూశాడు. గనుల వైపు చూశాడు. కప్పును తట్టాక చప్పుడు వినడానికి ఆగుతాడే, అట్లా కొంచెంసేపు ఆగాడు.

"అగో," అని కర్రతో చూపించాడు, సరైన గుట్టనే. "గా చదునుగున్నది. గదాని పక్కన."

అక్క చెయ్యి చాచి, ఒక కన్ను మూసి, గుట్టకూ నదికీ మధ్య జాన పెట్టి కొలిచింది. జాన చాలలేదు. మధ్యలో పొలాలు, రోడ్డు, రెండు ఊళ్లు, ఒక చెరువు.

"గంగ నీ నెత్తిమీద లేదు."

"లేదు," అన్నాడు బావ.

పంపు అన్నే అందుకున్నాడు. "వదినే, గంగ గూడ ఊకె ఒక్కతాన ఉండది. సర్దారు కొత్తగున్నప్పుడు గిటు దిక్కే పారిందేమో, ఎవలకెరుక?"

"నువ్వు చెప్పకు అన్నా," అన్నది అక్క. అంటూనే నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది, ఏడుస్తూనే బావ వీపు మీద రెండు చేతులతో దబదబా కొట్టింది. "ఇన్నేండ్లు నా పానం దీసినవ్ గదనయ్యా! బస్సెక్కినప్పుడల్ల, మబ్బు పట్టినప్పుడల్ల! గింత దూరం పెట్టుకొని! గింత దూరం!"

"కొట్టు, కొట్టు," అన్నాడు బావ. ఆయన కూడా నవ్వుతున్నాడు, కాని తల వంచుకుని. "నీళ్లు తియ్యగుండెనే, నేనేం జెయ్యాలె."

ఆ తర్వాత సద్ది విప్పాం. జొన్నరొట్టె, పచ్చిమిరపకాయల తొక్కు, ఉల్లిగడ్డ. అక్క తినుకుంటూ ప్రతి బుక్కకూ ఒకసారి గంగ వైపు, ఒకసారి గుట్ట వైపు చూసి, తనలో తాను "గింత దూరం" అనుకుంటూనే ఉంది. దిగేటప్పుడు ఆమె మాకందరికంటే ముందు నడిచింది. దర్వాజా దగ్గర సర్దారు తట్టి చూసేదాకా కూడా ఆగలేదు.

పంపు అన్న ఆ గెలుపు గురించి టీ హోటల్లో ఒక్కసారి కూడా ఎత్తలేదు. బావ కూడా గంగ కింద పనిచేశానని మళ్లీ అనలేదు. ఎవరైనా అడిగితే, "కింద గాదు, నేను గంగను పైకెల్లి చూసిన," అనేవాడు, ఆ మాట కూడా మీసం మీద చెయ్యి వేసే అనేవాడు. మిగిలిన సర్వీసు చేసి, పూలదండతో ఇంటికి వచ్చాడు. గని నుంచి దెబ్బ తగలకుండా బయటికి వచ్చినవాళ్లలో ఆయన ఒకడు. ఆయన "పోవచ్చు" అంటే లోపలికి పోయి, క్షేమంగా తిరిగి వచ్చి నా కిటికీలో లైటు అప్పజెప్పినవాళ్లు ఈ ఊళ్లో ఎంతమందో. ఆ లైట్లు అందుకున్న చేతులు నావి కాబట్టి ఇంత చెప్పగలుగుతున్నాను. గనిలో ఆయన తప్పు చెప్పింది ఆ నది సంగతి ఒక్కటే. అది కూడా తన కళ్లతో చూసిన రోజునే దిద్దుకున్నాడు.

గుట్ట దిగిన మర్నాడు బావకు మొదటి షిఫ్టు. అప్పటిదాకా ఆయన మొదటి షిఫ్టుకు పోతే, మధ్యాహ్నం తిరిగి వచ్చి గుమ్మంలో బూట్లు విప్పేదాకా అక్క ముద్ద ముట్టేది కాదు. ఆ రోజు ఆయన ఇల్లు చేరేసరికి తలుపు దగ్గరికి వేసి ఉంది. లోపల ఫ్యాను తిరుగుతోంది. అక్క అన్నం తిని, కంచం కడిగి బోర్లించి, చాప మీద పడుకుని నిద్రపోతోంది. బావ ఆమెను లేపలేదు. తానే వడ్డించుకుని తిన్నాడు.